ఇంటి సంగతులు బ్లాగులో రాస్తున్నా, మొత్తం తీసెయ్యమంటున్నారు

ఈసారి ఉత్తరం కర్నూలు నుంచి. ఫోన్లో టైప్ చేసిందే గానీ చేత్తో రాసినంత పొడుగుంది. రాసినామెకి 41 ఏళ్ళు, ఒక ప్రైవేటు స్కూల్లో చిన్నపిల్లలకి తెలుగు చెప్తారు, భర్తకి బట్టల వ్యాపారం. అత్త, ఇద్దరు పిల్లలు, రెండేళ్ళుగా వీళ్ళ దగ్గరే ఉంటున్న ఆడబిడ్డ, అందరూ ఒకటే ఇంట్లో. ఉత్తరంలో కొన్ని గుర్తులు నేను మార్చాను, ఎందుకు మార్చానో కింద చెప్తా.

ఈమె 2013 నుంచి మారుపేరుతో ఒక బ్లాగు రాస్తున్నారు. అది మొదలైన కథ కొంచెం చెప్పాలి. వాళ్ళమ్మ ఇంటి లెక్కల పుస్తకం రాసేదంట. పాలు, బెల్లం, చాకలి పద్దు, వాటి పక్కన ఆ రోజు సంగతి ఒక్క ముక్క. ఈమెకి బాగా గుర్తున్న పేజీ ఇది: "పాలు 4. బెల్లం పావు. చిన్నదానికి జరం. రాత్రంతా కూచున్యా." అంతే, ఇంకేం లేదు. అట్లాంటివి ఒక ట్రంకు పెట్టె నిండా ఉండేవి. 2009 అక్టోబర్ 2న, కర్నూలోళ్ళకి ఆ తారీఖు చెప్తే చాలు, తుంగభద్ర, హంద్రీ రెండూ ఊళ్ళోకి వచ్చేసినప్పుడు పాతబస్తీలో ఉన్న వాళ్ళమ్మ ఇంటితో పాటు ఆ పెట్టె కూడా మునిగింది. నీళ్ళు తీసినాక తెరిచి చూస్తే పుస్తకాలు బురద ఇటుకల మాదిరి ఉన్నాయంట, పేజీ విడదీద్దామంటే ముద్ద చేతికొచ్చేదంట. మూడేళ్ళకి అమ్మ కూడా పోయింది. గుర్తున్నంత మటుకు ఆ ముక్కలు యాడన్నా రాసిపెడదామని ఈమె బ్లాగు తెరిచారు.

అమ్మ ముక్కలు ఏడాదిలో అయిపోయాయి గానీ చెయ్యి ఆగలేదు, ఇంట్లో సంగతులు, స్కూల్లో సంగతులు, కరెంటు పోయిన రాత్రి పిల్లలు అడిగిన ప్రశ్నలు, ఊరుబిండి నూరుతుంటే అత్త చెప్పిన పాత గొడవలు, ఇట్లా పదేళ్ళ పైన రాస్తానే ఉన్నారు. ఎప్పుడూ చదివేది పది పదిహేను మంది. అందులో ఒకామె అమెరికాలో యాడో ఉంటుంది, ప్రతి పోస్టు కింద "చదివాను చెల్లీ" అని మాత్రం పెడుతుంది. ఇంట్లో ఎవ్వరికీ బ్లాగు సంగతి తెలీదు.

ఇప్పుడు గొడవ. రెండేళ్ళ కిందట ఒక రాత్రి పదకొండుకి ఆడబిడ్డ అత్తగారింటి నుంచి ఒక్కతే వచ్చేసింది, చేతిలో బట్టల సంచి కూడా లేదు, పెళ్ళప్పుడు తాత ఇచ్చిన ఇత్తడి క్యారియర్ ఒకటే ఉంది. మూత మీద పేరు తప్పు కొట్టిన క్యారియర్. తినేసొచ్చినా అని పోయి పడుకుంది. రెండింటప్పుడు నీళ్ళకోసం లేచిన ఈమెకి వంటింట్లో చీకట్లో ఆడబిడ్డ కూచుని కనపడింది, పళ్ళెంలో ఎండు జొన్న రొట్టె, నూనె కలిపిన కారప్పొడి. ఎండు రొట్టె విరిస్తే చప్పుడవుతుంది గదా, అందుకని ప్రతి ముక్కా కొంగు కింద పెట్టుకుని విరుస్తా ఉందంట. ఈమె పలకరించలేక వెనక్కొచ్చి భర్తని లేపితే ఆయన "పొద్దున్నే చూద్దాం, పడుకో" అన్నాడు. పొద్దున్నే అత్త పక్కింటామెతో "ఉగాదికొచ్చింది" అని చెప్పింది. ఉగాదికి అప్పటికింకా నెల్నాళ్ళుంది.

రెండేళ్ళు కడుపులో పెట్టుకున్న ఈ సంగతి పోయిన నెల ఈమె బ్లాగులో రాశారు. ఎప్పుడూ నాలుగైదు కామెంట్లు వచ్చే చోట అరవై వచ్చాయి. లింకు చేతులు మారి మారి బెంగుళూరులో ఉన్న ఒక చుట్టానికి చేరింది. క్యారియర్ మూత దగ్గరికి రాగానే ఆమెకి ఎవరో అర్థమైపోయింది, ఇంటి వాట్సాప్ గ్రూపులో పెట్టేసింది. అవతల ఆడబిడ్డ విడాకుల కేసు ఫ్యామిలీ కోర్టులో నడుస్తా ఉంది. ఆమె పద్దెనిమిది రోజులుగా వదినతో మాట్లాడ్డం లేదు. భర్త "ఇంటి గుట్టు లంకకు చేటు, లైకుల కోసం నా చెల్లెల్ని బజార్లో నిలబెట్టినావు, మొత్తం తీసెయ్" అంటున్నాడు. అత్తకి చదువు రాదు, ఆమె మాత్రం రోజూ ఒకటే మాట, "నా గురించి ఏం రాసినావో నాకు సదివి వినిపియ్యి."

ఆఖర్న ఈమె ఇట్లా అడిగారు: "తీసెయ్యాలా ఉంచాలా అని మాత్రమే కాదు మేడం. అసలు నేను ఎందుకు రాస్తున్నా? డైరీలో రాసుకోవచ్చు గదా అని ఆయన అడిగితే నాకు జవాబు దొరకలేదు. నాది పిచ్చా, గొప్ప కోసమా?"

అమ్మా, ఎందుకు రాస్తున్నారో తర్వాత మాట్లాడుకుందాం, ముందు కోర్టు సంగతి చూడాలి, అది ఆగదు.

ఆ ఒక్క పోస్టుని ఈ రాత్రికే డ్రాఫ్టులోకి మార్చండి. డిలీట్ కొట్టొద్దు. మీది గూగుల్ బ్లాగరే కాబట్టి ఎడిట్‌లోకి పోయి డ్రాఫ్టుగా మారిస్తే ఎవరికీ కనపడదు, మీ దగ్గర మాత్రం ఉంటుంది. దానికన్నా ముందు సెట్టింగ్స్‌లో బ్యాకప్ అని ఉంటుంది, మొత్తం బ్లాగు ఒక ఫైలుగా దిగుతుంది, అది దించుకోండి, పదేళ్ళ రాత. ఆ తర్వాత పోస్టు ప్రింటు తీసి ఆడబిడ్డ వకీలుకి చూపించాలి, ఆడబిడ్డ చేతుల మీదుగానే, ఆమెకి తెలీకుండా మీరు పోవద్దు. ఎందుకంటే ఫ్యామిలీ కోర్టులో మామూలు సాక్ష్యం రూల్సు అంత గట్టిగా చూడరు, 1984 చట్టంలో 14వ సెక్షన్ అని ఒకటుంది, తగువు తేల్చడానికి పనికొస్తుందనుకుంటే ఏ కాగితాన్నైనా జడ్జి తీసుకోవచ్చు. అవతలోళ్ళ దగ్గర స్క్రీన్‌షాట్ ఉందనే అనుకోండి. దాంట్లో మీ ఆడబిడ్డకి చెరుపు చేసేది ఏమన్నా ఉందా, లేకపోతే ఆమె ఎట్లాంటి స్థితిలో వచ్చిందో చెప్పి మేలే చేస్తుందా, అది మీకూ నాకూ తెలిసే పని కాదు, వకీలు చెప్పాలి. ఆయన చెప్పకముందే మొత్తం తుడిచేస్తే ఏదో దాచినట్టుంటుంది, పైగా తుడిచినా బయటికి పోయిన స్క్రీన్‌షాట్లు వెనక్కి రావు.

సరే, ఇప్పుడు మీ ప్రశ్న.

లైకుల కోసం అన్న మాట పక్కన పెట్టేద్దాం. లైకుల కోసం అయితే పదిహేను మంది కోసం పదేళ్ళు ఎవరూ రాయరు, ఆ టైములో వంట వీడియోలు పెట్టినా పదివేల మంది చూసేవాళ్ళు. కానీ అరవై కామెంట్లు వచ్చిన రోజు మీకు సంతోషం కాలేదని మాత్రం నాతో అనొద్దు. ఉత్తరంలో ఆ అంకె మీరు రెండుసార్లు రాశారు. దాంట్లో సిగ్గుపడేదేం లేదు, రొట్టె బాగా పొంగితే ఎవరన్నా చూడాలని మనకుండదా. ఆ సంతోషం మీరు రాయడానికి కారణం కాదు, రాసినాక దొరికింది, అంతే.

డైరీలో రాసుకోవచ్చు గదా అన్నదానికి జవాబు మీ ఉత్తరంలోనే ఉంది, మీరు చూసుకోలేదు. మీ అమ్మ "చిన్నదానికి జరం, రాత్రంతా కూచున్యా" అని రాసింది. ఎవరి జరం, ఏం జరం, ఎందుకు కూచుంది, ఏం భయపడింది, ఒక్కటీ లేదు, ఎందుకంటే అది ఆమె తనకోసం రాసుకున్నది, తనకి అంతా తెలుసు గదా. మీరు అదే ముక్క బ్లాగులో రాసినప్పుడు (లింకు పంపారు కాబట్టి చదివాను) ఆ చిన్నది మీరేనని చెప్పాల్సొచ్చింది, తడిగుడ్డ చెప్పాల్సొచ్చింది, అప్పుడు నాయన ఊళ్ళో లేడని చెప్పాల్సొచ్చింది, అది రాస్తా రాస్తా ఉంటే అమ్మ ఆ రాత్రి ఒక్కతే ఉందన్న సంగతి మొదటిసారి మీకు తట్టింది. ఆ పోస్టులో సగంలో మీ వాక్యం మారిపోతుంది, చూడండి. ఏమీ తెలీని మనిషికి చెప్పాలంటే అన్నీ మొదట్నుంచి చెప్పుకుంటా రావాలి, అట్లా వచ్చేటప్పుడే మనకి కూడా కొత్తగా కనపడతాయి. ఎదురుగా ఒక మనిషి ఉన్నాడనుకుంటేనే చెయ్యి ఆ పని చేస్తుంది, డైరీ అడగదు గదా "ఎవరు, ఎప్పుడు, ఎందుకు" అని.

ఇది కంప్యూటర్లొచ్చాక పుట్టిన జబ్బేం కాదు. ఏనుగుల వీరాస్వామయ్య అని మద్రాసు సుప్రీం కోర్టులో పెద్ద ఉద్యోగి, 1830లో మందీ మార్బలంతో కాశీకి బయల్దేరి మా కడప మీదుగా అహోబిలం, శ్రీశైలం చూసుకుంటా పోయాడు. దారిలో చూసిందంతా రాసి మద్రాసులో ఉన్న ఒక స్నేహితుడికి పంపేవాడు, ఏ ఊళ్ళో ఏం దొరుకుతుంది, ఏ దారి రాళ్ళు, యాడ నీళ్ళు మంచివి, ఇట్లాంటివి. ఆ స్నేహితుడే వాటిని 1838లో అచ్చేయించాడు, ఈరోజుకీ చదువుతున్నాం. ఆయన రాసింది కాశీ గురించి అనుకుంటాం గానీ నాకు మాత్రం ఆ స్నేహితుడు లేకపోతే ఆయన మంచినీళ్ళ సంగతి రాసేవాడే కాదనిపిస్తుంది. మీకు ఆ స్నేహితుడు "చదివాను చెల్లీ" అనే ఆమె.

ఆ "చదివాను" దగ్గర కొంచెం ఆగుతా. ఆ రాత్రి మీరు చూసింది మొదట ఎవరికి చెప్పబోయారు? మీ ఆయనకి. ఆయన నిద్రలో ఉన్నాడు, పొద్దున్నే చూద్దాం అన్నాడు, ఆ పొద్దున రెండేళ్ళైనా రాలేదు. ఇంటి గుట్టు లంకకు చేటు అంటున్నాడు గదా, ఆ విభీషణుడు కూడా మొదట అన్నకే చెప్పాడు, సభలోనే చెప్పాడు, అన్న వినకుండా తిట్టి పంపించాకే బయటికి పోయాడు. ఇది మీ ఆయన్ని ఎత్తిపొడవడానికి కాదు. ఆయన చెడ్డోడని మీరు యాడా రాయలేదు, నాకూ అట్లా అనిపించలేదు. పగలంతా కొట్లో నిలబడి వచ్చిన మనిషికి అర్ధరాత్రి చెల్లెలి కాపురం గురించి మాట్లాడే ధైర్యం ఉండదు. కానీ ఇంట్లో వినే చెవి లేకపోతే మాట బయట చెవిని వెతుక్కుంటుంది, ఇంట్లో మనల్ని కోడలిగా, టీచరుగా, వదినగా ఎరిగిన వాళ్ళకి మనం ఏం చెప్పినా ఆ వరసలోంచే వింటారు, ఏ వరసా లేని మనిషికి చెప్తే చెప్పింది చెప్పినట్టు వింటారు. రైల్లో పక్కన కూచున్నామెకి కడప నుంచి గుంతకల్లు లోపల జీవితమంతా చెప్పి దిగిపోయేవాళ్ళని నేను ఎంతమందిని చూశానో.

రాస్తే బరువు దిగుతుందా అంటే కొంత నిజమే, దాన్ని చూసినోళ్ళు కూడా ఉన్నారు. అమెరికాలో పెన్నెబేకర్ అనే సైకాలజీ ఆయన 1986లో కాలేజీ పిల్లలతో నాలుగు రోజులు వరసగా రోజుకి పావుగంట రాయించాడు, కొంతమందితో మనసులో పెట్టుకున్న కష్టం గురించి, కొంతమందితో మామూలు సంగతులు. కష్టం రాసినోళ్ళు రాసిన రోజు ఇంకా దిగులుపడ్డారు, కానీ తర్వాత నెలల్లో డాక్టరు దగ్గరికి పోవడం తగ్గింది, అదీ జరిగిందీ మనసులో పడిందీ రెండూ కలిపి రాసినవాళ్ళలో. తర్వాత్తర్వాత ఇంకో సంగతి కూడా గమనించారు, రాసే కొద్దీ "ఎందుకంటే", "ఇప్పుడు తెలుస్తోంది" లాంటి మాటలు పెరిగినవాళ్ళకి ఎక్కువ మేలు జరిగిందని. మీ పాత పోస్టులు తెరిచి ఆ మాటలు వెతకండి, సరదాగానే. కాకపోతే ఒకటి మర్చిపోకూడదు, ఆ కాగితాలు ఆ పిల్లల ఇళ్ళల్లో ఎవరూ చదవలేదు. మీ పోస్టు చదివారు.

ఇప్పుడు మీకు నచ్చని భాగం చెప్తా, కోపం తెచ్చుకోకండి.

మీరు మారుపేరు పెట్టుకున్నారు. మీ స్కూలు పేరు లేదు, మీ వీధి లేదు, పిల్లల పేర్లు లేవు, పదేళ్ళు ఎంత జాగ్రత్తగా ఉన్నారో చూస్తే ముచ్చటేసింది. కానీ ఆడబిడ్డ దగ్గరికొచ్చేసరికి క్యారియర్ ఉంది, మూత మీద తప్పు పేరుంది, తాత ఇచ్చాడని ఉంది, ఏ నెలలో వచ్చిందో ఉంది. ముసుగు మీరేసుకుని ఆమెని మాత్రం మొహంతో నిలబెట్టారు. మీ ఆయన "బజార్లో నిలబెట్టినావు" అన్నది లైకుల దగ్గర తప్పు గానీ ఇక్కడ ఒప్పే.

మన సీమోడే వేమన ఉన్నాడు గదా, అనంతపురం వైపు కటారుపల్లిలో సమాధి ఉందాయనది, ఇక్కడ కడపలో బ్రౌన్ దొర పండితుల్ని పెట్టి పద్యాలు సాపు చేయించాడు. లోభుల్నీ, దొంగ గురువుల్నీ, మూఢుల్నీ అందర్నీ ఉతికి ఆరేశాడు, కానీ ప్రతి పద్యం చివర పెట్టుకున్న పేరు ఎవరిది, తనది. తిట్టు తిన్న లోభి ఏ ఊరోడో ఈరోజుకీ ఎవడికీ తెలీదు. మీరు దాన్ని తిరగేశారు.

మీరు చెడ్డ మనసుతో చెయ్యలేదని నాకు తెలుసు, క్యారియర్ ఎందుకొచ్చిందో కూడా తెలుసు, రాసే చెయ్యి అట్లాంటివి వదలదు. ఉత్త "గిన్నె" అని రాస్తే చప్పగా ఉంటుంది, మూత మీద తప్పు పేరు అంటేనే ఆమె బతుకంతా అక్కడ కనపడుతుంది. అందుకే చెప్తున్నా, పైన నేను రాసింది చదివారు గదా, మీరు ఉత్తరంలో రాసిన వస్తువు క్యారియర్ కాదు, ఇచ్చింది తాత కాదు, గుర్తు పేరు కాదు. నేను మార్చేశాను. మార్చినందుకు మీరు రాసిన అసలు దాంట్లో ఉన్న ముల్లు కొంచెం పోయింది, ఒప్పుకుంటా, అది నాక్కూడా బాధే. కానీ రొట్టె కొంగు కింద విరవడం మాత్రం మార్చలేదు, అది ఎవరినీ పట్టియ్యదు, అది మీరు చూసింది.

నా సొంత సంగతి ఒకటి చెప్తా. ఇరవై ఏళ్ళ కిందట మా నాయన పేకాట గురించి ఒక చిన్న వ్యాసం రాశాను, దీపావళి డబ్బులు ఆడి పోగొట్టి రాత్రి ఇంటికొచ్చి గమ్మున పడుకోవడం, మా అమ్మ టపాకాయలు లేని పిల్లలకి బొరుగులు చక్కెర కలిపి పెట్టడం. బాగా వచ్చిందనుకున్నా. ఆయన చదివాడు, రెండు రోజులు ఏమీ అనలేదు, మూడో రోజు టీ తాగుతా "ఆ పై దీపావళికి నేను గెలిచినా, మీకు సైకిల్ కొన్యా, అది రాయలేదే" అన్నాడు. నిజంగా కొన్నాడు. నేను మర్చిపోలేదు కూడా, రాస్తే వ్యాసం చెడిపోతుందని వదిలేశాను. ఆ సైకిల్ ఇప్పటికీ నాకు ఎదురొస్తా ఉంటుంది.

ఇంక మీ ముందున్న దార్లు. ఏది తీసుకోమని నేను చెప్పను, దేనికెంత ఖర్చో చెప్తా.

మొత్తం తీసెయ్యడం. ఇంట్లో గొడవ ఆ రోజుకి చల్లబడుతుంది. బ్లాగర్‌లో తొంభై రోజుల లోపల మనసు మారితే వెనక్కి తెచ్చుకోవచ్చు, ఆ తర్వాత పోయినట్టే. కానీ అమ్మ ముక్కలు కూడా దాంట్లోనే ఉన్నాయి గదమ్మా. ఒకసారి తుంగభద్ర తీసుకుపోయింది, రెండోసారి మీ చేత్తో మీరే నీళ్ళలో వేస్తారా? ఇంకోటి, తీసేసినా ఆడబిడ్డ మాట్లాడుతుందని హామీ లేదు, ఆమెకి కావాల్సింది బ్లాగు లేకపోవడం కాదేమో, మీరు ఆమెని ఒక మాట అడగకుండా రాశారు, అది. పైగా కోపంలో తీసేస్తే రేపు మీ ఆయన మీద ఆ కసి ఉంటుంది, పదేళ్ళ తర్వాత ఏదో చిన్న గొడవలో "నా రాతలన్నీ నీ వల్లే పోయినాయి" అని బయటపడుతుంది.

అందరికీ కనపడకుండా చెయ్యడం. మీరు పిలిచిన వాళ్ళు మాత్రం వాళ్ళ మెయిల్‌తో లోపలికొచ్చి చదివేటట్టు పెట్టుకోవచ్చు. మీ పదిహేను మందికి ఇది బాగానే సరిపోతుంది, అమెరికా అక్క ఉంటుంది, బెంగుళూరు చుట్టం ఉండదు. ఖర్చేంటంటే కొత్త మనిషి ఎవరూ రారు, లాగిన్ అవ్వడానికి బద్దకించి సగం మంది మానేస్తారు, ఒకప్పుడు కూడలి, మాలిక అంటూ తెలుగు బ్లాగులన్నీ ఒక చోట కనపడిన రోజుల్లో చాలామంది ఇట్లా తలుపేసుకుని, రెండేళ్ళకి రాయడమే ఆపేశారు, నేను చదివేవాళ్ళలోనే ఎంతమందో. వినే మనిషి తగ్గితే చెయ్యి బరువెక్కుతుంది.

పోస్టు పోస్టుగా వేరు చెయ్యడం ఇంకో దారి, పని ఎక్కువ. పదేళ్ళవి కూచుని చదవాలి. అమ్మవి, స్కూలువి, ఊరివి, మీ సొంతవి ఒక పక్క. అత్త, ఆడబిడ్డ, భర్త, పిల్లలు వచ్చేవి ఇంకో పక్క. ఆ రెండో పక్కవి ఒక్కోటి చదివి ఇది నా కథా వాళ్ళ కథా అని అడగండి. ఆడబిడ్డ ఆ ఇంటి నుంచి ఎందుకు వచ్చేసింది అన్నది ఆమెది. చీకట్లో ఆమెని చూసి పలకరించలేక వెనక్కి తిరిగొచ్చారే, అది మీది. పోస్టులో దాని మీద మీరు రాసింది ఒకటిన్నర లైను, అది గమనించారా? ఆమె గురించి మూడు పేజీలు. నాకైతే ఆ ఒకటిన్నర లైను దగ్గర ఇంకా చాలా ఉందనిపించింది, పలకరించి ఉంటే ఏమయ్యేదో, ఎందుకు కాళ్ళు ఆడలేదో. అది రాయడానికి మీకు ఎవరి పర్మిషనూ అక్కర్లేదు, క్యారియర్ కూడా అక్కర్లేదు.

ఇంట్లోవాళ్ళ గురించి ఇంక రాయనని ఒట్టు పెట్టుకోవడం కూడా ఉంది, మీ ఆయన దానికి ఒప్పుకోవచ్చు. మీరు నిలబెట్టుకోలేరేమో అని నా అనుమానం. ఒకే ఇంట్లో ఆరుగురు ఉండే మనిషి వాళ్ళు లేకుండా ఏం రాస్తుంది, వాతావరణమా? చెయ్యలేని మాట ఇచ్చే బదులు "నీ చెల్లెలు, నువ్వు, మీ అమ్మ, ముగ్గుర్లో ఎవరు వచ్చినా ముందు వాళ్ళకి చూపిస్తా, వద్దంటే పెట్టను" అని చెప్తే అది చెయ్యగలిగే మాట. మీకు నష్టం ఉంది దాంట్లో, వద్దంటారు చాలాసార్లు, బాగా వచ్చినవాటినే వద్దంటారు.

పిల్లల సంగతి మీరు అడగలేదు, కానీ వాళ్ళు రేపు పదో తరగతి, ఇంటర్ అవుతారు, వాళ్ళ పక్క తడిపిన కథలు ఇప్పుడే తీసేయండి, దానికి చర్చ అక్కర్లేదు.

మీ ఆయనతో మాట్లాడేటప్పుడు తీసెయ్యాలా వద్దా దగ్గర మొదలుపెట్టొద్దు, అక్కడ ఇద్దరూ ఇరుక్కుంటారు. ఆ రాత్రి దగ్గర మొదలుపెట్టండి. "నేను నిన్ను లేపింది గుర్తుందా" అని మాత్రం అడగండి. ఆయనకి గుర్తుండే ఉంటుంది, ఇంత కోపంలో కొంత దానిదే అని నా లెక్క. నిద్ర నటించిన మగవాళ్ళని కూడా చూశాన్లెండి.

ఆడబిడ్డ దగ్గరికి సారీ ఒక్కటే పట్టుకుని పోవద్దు. సారీ అంటే ఆమె "పర్వాలేదు వదినా" అనాల్సొస్తుంది, అది కూడా ఆమె మీద ఇంకో బరువే. ప్రింటు పట్టుకుపోయి ఇవ్వండి, చదివిందో లేదో, గ్రూపులో ముక్కలే చూసిందో మనకి తెలీదు. పెన్ను కూడా ఇవ్వండి. "దీంట్లో ఏది ఉండకూడదో కొట్టెయ్, మొత్తం కొట్టేసినా సరే, వకీలుకి కూడా నీ ఇష్టముంటేనే చూపిద్దాం" అని చెప్పి బయటికి వచ్చేయండి, ఎదురుగా కూచోవద్దు. ఆమె వారం తీసుకోవచ్చు, చించి పారెయ్యొచ్చు. చించినా అది ఆమె చెప్పిన జవాబే అనుకోండి. అప్పుడు ఆ పోస్టు డ్రాఫ్టులోనే ఉంటుంది, ఎప్పటికీ ఉండొచ్చు, మీ అమ్మ పుస్తకం కూడా ఒకప్పుడు పెట్టెలోనే గదా ఉండింది, మీరు దొంగతనంగా తీసి చదివేదాకా.

అత్త సంగతి చివరికి ఉంచాను, ఎందుకంటే ఇంట్లో ఈ గొడవంతటిలో మీరు రాసింది వింటానని అడిగిన మనిషి ఆమె ఒక్కతే. తీసెయ్ అనలేదు, తిట్టలేదు, వినిపియ్యి అంది. ఆడబిడ్డ సరే అన్నాక (అన్నాకే) మధ్యాహ్నం పూట పక్కన కూచుని చదవండి, "ఉగాదికొచ్చింది" అన్న చోటు మింగెయ్యకుండా చదవండి. ఆమె కోపపడొచ్చు, ఏడవొచ్చు. అది అయ్యాక ఒక మాట అడగండి. ఆ రాత్రి ఆడబిడ్డ లైటు వెయ్యలేదు, తినేసొచ్చినా అని చెప్పింది, కానీ వంటింట్లో పళ్ళెంలో రొట్టె పెట్టుంది, కారప్పొడిలో నూనె కూడా కలిపి ఉంది. చీకట్లో నూనె గిన్నె వెతికి కలుపుకుని ఉంటుందా? వంటింటి పక్క గదిలో పడుకునేది మీ అత్తే అని మీరే రాశారు. ఆ పళ్ళెం అక్కడ ఎవరు పెట్టారో పోస్టులో యాడా లేదు.